ఇరవై నాలుగు తుపాకుల గది

న్యూ మెక్సికో వెళ్ళొచ్చి మూడు వారాలు దాటింది. గుడికి వెళ్తే ప్రతివాళ్ళూ ఏం చూశారు, ఎలా ఉంది అని అడుగుతున్నారు. కొండలు ఎర్రగా ఉన్నాయనీ, మిరపకాయలు రోడ్డు పక్కన కాల్చి అమ్ముతారనీ, రైల్లో కూర్చుని కూర్చుని కాళ్ళు వాచాయనీ చెప్పి, ప్రసాదం తీసుకుని వచ్చేస్తున్నాను. చెప్పినవేవీ అబద్ధం కాదు. అయితే నేను వెళ్ళింది కొండల కోసం కాదు. నోటితో చెప్పలేను కాబట్టి, అసలు సంగతి ఇలా రాసి పెడుతున్నాను.

మా అమ్మాయి మైత్రికి ముప్పై ఒకటి. ఆల్బకర్కీలో ఒక చిన్న కంపెనీలో ఏడేళ్ళుగా పనిచేస్తోంది. సూర్యుడి కడుపులో జరిగే పని భూమ్మీద చేసి కరెంటు తీయాలని వాళ్ళ ప్రయత్నం. దాన్ని ఫ్యూజన్ అంటారు. ఒక పెద్ద ఉక్కు గోళం, దాని చుట్టూ అన్ని వైపులా ఇరవై నాలుగు తుపాకులు. తుపాకులంటారు గానీ వాటిలో గుండు ఉండదు. గాలి లాంటిదాన్ని కరెంటుతో మండించి ప్లాస్మాగా మార్చి లోపలికి చిమ్ముతాయి. ఆ ఇరవై నాలుగు ధారలూ మధ్యలో కలిసి ఒక పొర అవుతాయి. ఆ పొర లోపలికి ముడుచుకుంటూ వెళ్ళి, నడిమధ్యన ఉన్న ఇంధనాన్ని నొక్కేస్తుంది. ఆ పొరనే వాళ్ళు లైనర్ అంటారు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారు తెనాలిలో ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగూ లెక్కలూ చెప్పారు. ఇంగ్లీషు మా మైత్రి స్కూలు పుస్తకాల్లోంచి దానితో పాటు నేర్చుకున్నాను. అందుకని అది ఫోన్లో నాకు అర్థమయ్యేలా చెప్పింది. సున్నుండ చుట్టేటప్పుడు చేతులు రెండూ సమంగా నొక్కాలి కదా, ఒక్క వేలు ముందు నొక్కితే రెండో వైపు పగిలిపోతుంది కదా, మాది కూడా అంతే అంది. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క తేడా కూడా రాకుండా అన్నీ ఒకేసారి పేలాలిట. ఆ సమయం కుదర్చడమే దాని ఉద్యోగం. ఇన్నాళ్ళూ సగం తుపాకులతోనే చేస్తూ వచ్చారు. ఇరవై నాలుగూ కలిపి పేల్చేది మొదటిసారి నేను వెళ్ళిన వారం శుక్రవారమే. డబ్బు పెట్టినవాళ్ళు వచ్చి కూర్చుని చూస్తారు. పొర గుండ్రంగా వస్తే పని సాగుతుంది. రాకపోతే గోళాన్ని ముక్కలుగా అమ్మేస్తారు.

"రా అమ్మా. నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు," అంది.

ఏడేళ్ళలో అది పిలవడం అదే మొదలు.

మోరిస్‌విల్ నుంచి చికాగో

వేసవిలో నా చెవికి ఆపరేషన్ అయింది. ఇంకో రెండు నెలలు విమానం ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. మావారికి ఆఫీసులో సెలవు దొరకలేదు. అందుకని ఒక్కదాన్నే రైల్లో బయల్దేరాను. మా ఊరు మోరిస్‌విల్ పక్క స్టేషన్లో సోమవారం పొద్దున ఎక్కితే మర్నాడు పొద్దున చికాగో. మన రైళ్ళలో లాగా పల్లీలూ టీలూ ఎవరూ అమ్మకు రారు. వేరే పెట్టెలో ఒక కొట్టు ఉంటుంది, మనమే లేచి వెళ్ళాలి. ఉడుకు నీళ్ళ కప్పులో టీ సంచి వేసిస్తే మూడు డాలర్లు. నా పులిహోరా, చేగోడీలూ నా దగ్గరున్నందుకు దణ్ణం పెట్టుకున్నాను.

చికాగోలో దిగేసరికి ఒక అనర్థం జరిగి ఉంది. మైత్రికని పట్టుకెళ్తున్న ఆవకాయ సీసా మూత వదులై, నూనె నా చేతిసంచి అడుగంతా పాకింది. స్టేషన్ బాత్‌రూంలో కాగితాలతో తుడిచాను. మరక పోలేదు, వాసన అసలే పోలేదు. పక్కన చేతులు కడుక్కుంటున్న ఆవిడ ముక్కు ఎగబీల్చి, ఇది దేని వాసన, చాలా బాగుంది అంది. ఆ మాటకి నిజంగా ఆవిడ రెండు చేతులూ పట్టుకోవాలనిపించింది.

చికాగో నుంచి కొండల దాకా

రెండో రైల్లో నా ఎదురు సీట్లో ఆమిష్ దంపతులు కూర్చున్నారు. ఆమిష్ వాళ్ళంటే గుర్రబ్బగ్గీల్లో తిరుగుతారు, ఇంట్లో కరెంటు పెట్టుకోరు, విమానం ఎక్కరు. ఆవిడ తల మీద తెల్లటి టోపీ, నల్లటి గౌను. పేరు అడిగితే ఎమ్మా అంది. ఆయనకేదో ఆపరేషన్ కావాలిట. ఇక్కడి ఖర్చు భరించలేక రైల్లో మెక్సికో దాకా వెళ్తున్నారు. వాళ్ళ ఊరి వాళ్ళందరూ అలాగే వెళ్తారట.

ఆవిడ రొట్టె, ఊరబెట్టిన బీట్‌రూట్ ముక్కలు ఇచ్చింది. నేను చేగోడీలు ఇచ్చాను. తినే ముందు వాళ్ళిద్దరూ తల వంచుకుని కాసేపు ఉన్నారు. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎవరి దేవుడికి వాళ్ళం చెప్పుకున్నాం. నేను ఇంట్లో చదువుకున్నానని చెబితే, మా పిల్లలు ఎనిమిదో తరగతి దాకానే, అది చాలు అంది ఎమ్మా. మా అమ్మాయి సూర్యుడి లాంటిదాన్ని చేసి కరెంటు తీయబోతోందని నేను కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూసింది.

"అంత కరెంటు ఎవరికి కావాలి?" అంది చివరికి.

వెటకారం కాదు. తెలుసుకుందామనే అడిగింది. అందరికీ అన్నాను. ఆవిడ తల ఊపి ఇంకో బీట్‌రూట్ ముక్క నా చేతిలో పెట్టింది.

బుధవారం పొద్దున లేచేసరికి నేల రంగే మారిపోయింది. చెట్టన్నది లేదు. అక్కడక్కడ బూడిదరంగు పొదలు, దూరంగా బల్లల్లా చదునైన కొండలు. రైలు వంపు తిరిగినప్పుడల్లా ఇంజను కనిపించేది. ఇంత ఖాళీ స్థలాన్ని కూడా చేసి పెట్టాడే దేవుడు అనుకున్నాను.

ఆల్బకర్కీ

స్టేషన్లో మైత్రి చిక్కి సగమై కనిపించింది. కళ్ళ కింద నలుపు. నన్ను పట్టుకుని, అమ్మా నీ దగ్గర పికిల్ స్మెల్ వస్తోంది అని నవ్వింది. నవ్వుతూనే ఫోను చూసుకుంది.

దాని పక్కన అరవై దాటిన ఒకాయన నా పెట్టె అందుకున్నాడు. పేరు రూడీ. వాళ్ళ గదిలో పంపులూ తుపాకులూ చూసుకునే మెకానిక్కు. ఆయన ముత్తాతల నుంచీ ఆ నేలవాళ్ళే. నన్ను సెన్యోరా అని పిలిచేవాడు. వాళ్ళ స్పానిష్‌లో అది మన అమ్మగారు లాంటి మాట. దారిలో ఒక కొట్టు ముందు కారు ఆపాడు. అక్కడ జల్లెడ పీపా లాంటిది గ్యాసు మంట మీద తిరుగుతోంది. దాన్నిండా పచ్చిమిరపకాయలు. తొక్క నల్లబడి, చిటపటలాడి, ఆ ఘాటు నా ముక్కులోకి వచ్చేసరికి రోటి పచ్చడి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. బస్తా ముప్పై డాలర్లు. అక్కడివాళ్ళు సంవత్సరానికి సరిపడా ఒకేసారి కాల్పించుకుని ఫ్రీజర్లో దాచుకుంటారుట, మనం ఎండాకాలంలో ఆవకాయ పెట్టుకున్నట్టు. రూడీ నాకో చిన్న సంచి కొనిచ్చి డబ్బు తీసుకోలేదు.

ఆ సాయంత్రం నేను అన్నం, కాల్చిన మిరపకాయల పచ్చడి చేశాను. మైత్రి తింటూ మధ్యలో స్పూను ఆపేసి గోడకేసి చూసేది. ఏమిటే అంటే, తుపాకుల్లో పింగాణీ కడియాలు పాతబడ్డాయి, మార్చమని వసంతంలోనే మెయిల్ పెట్టాను, గ్రెగ్ టైం లేదన్నాడు అంది. గ్రెగ్ అంటే వాళ్ళ కంపెనీ పెద్ద. రెండు లోహపు గొట్టాల మధ్య కరెంటు ముందే దూకేయకుండా అడ్డం ఉండేవి ఆ కడియాలు.

"ఇట్స్ ఫైన్, అమ్మా. పట్టుకుంటాయి," అంది. నాతో కాదు, తనకు తనే చెప్పుకున్నట్టుంది.

గది లోపల

గురువారం మధ్యాహ్నం నన్ను లోపలికి తీసుకెళ్ళారు. విమానాశ్రయం దగ్గర రేకుల షెడ్డు. బయటినుంచి చూస్తే గోదాము అనుకుంటారు. రూడీ నా చేతిసంచి తీసుకుని బయట అల్మారాలో పెట్టి తాళం వేశాడు. చేతులకు తొడుగులు, చెప్పులకు నీలం కవర్లు, జుట్టుకు వల ఇచ్చాడు. వాళ్ళలోనే ఒక కుర్ర ఇంజనీరు తొడుగు లేకుండా బల్ల మీది ఉక్కు ముక్క అందుకోబోతే, మైత్రి అంత దూరాన్నుంచి ముట్టుకోవద్దని అరిచింది. వేలి జిడ్డు అంటిందంటే రోజుల తరబడి పంపులు గాలి లాగినా లోపల శూన్యం శుభ్రపడదుట. కడిగిన ముక్క కింద పెడితే మళ్ళీ మొదట్నుంచీ కడగాలిట.

"మడి అన్నమాట," అన్నాను.

మైత్రి నాకేసి చూసింది. నవ్వలేదు.

దానికి పదమూడేళ్ళప్పుడు నేను మడి కట్టుకుని వంట చేస్తుండగా దాని స్నేహితురాలు వచ్చి వెనకనుంచి నన్ను వాటేసుకుంది. నేను మళ్ళీ స్నానం చేసి వచ్చాను. ఆ పిల్లకి అర్థం కాలేదు గానీ నా కూతురికి అర్థమైంది. ఆ తర్వాత అది స్కూలు పిల్లల్ని ఎవర్నీ ఇంటికి తేలేదు. ఏడాది గడిచాక నేను మడి మానేశాను, ఆ సంగతి దానికి చెప్పనూ లేదు. ఇప్పుడు తెల్ల కోటులో, వలలో, అడుగడుగునా ముట్టుకోకండి అంటూ తిరుగుతున్న దాన్ని చూస్తే, కోపమా సంతోషమా తెలియని ఒక మంట లేచింది.

గోళం నాకంటే ఎత్తు. ఇరవై నాలుగు తుపాకులూ దాని ఒంటి నిండా గుచ్చినట్టు ఉన్నాయి. ఒక్కోదానికి నంబరు. ఎంత బాగుందో చెప్పలేను. ఇందులో మైత్రికి నచ్చిందేమిటంటే, పొర ఉత్త గాలిదే కాబట్టి ప్రతిసారీ ఏదీ పగలదు. వేరే పద్ధతుల్లో లోహపు గొట్టాన్నే నలిపేస్తారు, ప్రతిసారీ కొత్తది కావాలి. ఇందులో తుపాకులు దూరంగా క్షేమంగా ఉంటాయి, మళ్ళీ మళ్ళీ పేల్చుకోవచ్చు. అది చెబుతుంటే ముఖం చిన్నప్పుడు బొమ్మ విప్పి చూసినప్పటిలా ఉంది.

పదిహేడో నంబరు దగ్గర నేను కాసేపు ఆగాను. అది సరిగ్గా నా కళ్ళ ఎత్తులో ఉంది. చేతులు జోడించాను. బొట్టు పెట్టాలని ఎంత అనిపించిందో ఆ పైవాడికి తెలుసు. కొత్తగా కొన్న కారుకి పెట్టాను, దాని లాప్‌టాప్‌కి పెట్టాను, డిగ్రీ కాగితం అంచుకి పెట్టాను. కుంకుమ పొట్లం మాత్రం బయట అల్మారాలో తాళం కింద ఉంది. ఉన్నా పెట్టేదాన్ని కాదు. మడి అంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. రూడీ నా పక్కనే నిలబడి, కోటు పైనుంచే మెడలోని సిలువని తడుముకుంటున్నాడు.

శుక్రవారం

పేల్చడాన్ని వాళ్ళు షాట్ అంటారు. అప్పుడు గదిలో ఎవరూ ఉండకూడదు. తలుపులకు తాళాలు పడి, ఎర్ర దీపం తిరిగి, గంట మోగాక అందరూ పక్క గదిలో తెరల ముందు కూర్చుంటారు. డబ్బు పెట్టినవాళ్ళు నలుగురు ముందు కుర్చీల్లో ఉన్నారు. గ్రెగ్ నన్ను వాళ్ళకి మైత్రి తల్లి అని పరిచయం చేశాడు. చాలా మర్యాదస్తుడు. నాకు కుర్చీ తనే లాగాడు.

కరెంటు నింపుతున్న అంకెలు తెర మీద పెరుగుతున్నాయి. నేను లోపల నామం చెప్పుకుంటున్నాను. అంకె సగం కూడా దాటకముందే గోడ అవతల డబ్బా మీద కర్రతో కొట్టినట్టు ఒక చప్పుడు. తెర మీద ఒకే ఒక్క వెలుతురు గీత. చిన్నది. ఒక వైపు నుంచి వచ్చి, మధ్యలోంచి పోయి, అవతలి గోడకి తగిలి ఆరిపోయింది.

పదిహేడో నంబరు ముందే పేలిపోయింది.

మైత్రి మెడ వెనక చెయ్యి వేసుకుని అలాగే కూర్చుంది. డబ్బు పెట్టినవాళ్ళలో ఒకాయన నిన్నటి నుంచీ గదిలోకి ఎవరెవరు వెళ్ళారని అడిగాడు. గ్రెగ్ పేర్లు చెప్పాడు. ఆఖరి పేరు నాది. ఆయన తలకాయ నావైపు తిరిగింది. నా ఒళ్ళో సంచి, సంచికి పసుపూ ఎరుపూ కలిసిన నూనె మరక. ఆమె దేన్నీ తాకలేదు, నేను పక్కనే ఉన్నాను అన్నాడు రూడీ. ఆ మాట ఎవరికీ వినపడనట్టే గడిచిపోయింది.

కాఫీ గదిలో ఒక్కదాన్నే ఉండగా మైత్రి వచ్చి తలుపు వేసింది.

"అమ్మా, నిజం చెప్పు. బొట్టు పెట్టావా?"

"లేదే."

"చెప్తే నేను ఏమీ అనను. ప్రామిస్. ఐ జస్ట్ నీడ్ టు నో."

"పెట్టలేదు."

"నువ్వు ఫ్రిడ్జ్‌కి పెడతావు అమ్మా. దీనికి పెట్టలేదంటే ఎవరు నమ్ముతారు?"

"నువ్వు నమ్ముతావనుకున్నాను," అన్నాను.

అది ఇంకేదో అనబోయి, ఫోను మోగితే తీసుకుని వెళ్ళిపోయింది. ఆ గదిలో ఎవరో బిస్కట్ల డబ్బా తెరిచి పెట్టారు. నాకు ఒకటి తీసుకోవాలన్నా భయం వేసింది.

శనివారం

రూడీ, మైత్రి కలిసి పదిహేడో తుపాకీ విప్పారు. నన్ను గది గడప దగ్గరే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బయట మరకా లేదు, కుంకుమా లేదు. లోపలి పింగాణీ కడియం తీసి దీపం కింద పెట్టాక, దాని మీద వెంట్రుక లాంటి పగులు కనిపించింది. పగులు పొడుగునా నల్లటి గీత, ఎన్నాళ్ళ నుంచో కరెంటు అటుగా పాకుతున్నట్టు. నేనున్న చోటికి కూడా కనిపించేంత నలుపు.

ఇది నిన్నటిది కాదు అన్నాడు రూడీ. అని, నాకు బాగా కనపడేలా కడియాన్ని నావైపు తిప్పి పట్టుకున్నాడు. ఆ ఒక్క పనికి ఆయన మేలు మరచిపోలేను.

మైత్రి నా దగ్గరకొచ్చి, సారీ అమ్మా అంది. చేతికి తొడుగు ఉంది కాబట్టి నన్ను ముట్టుకోలేదు. నేను సరేలే అన్నాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆదివారం, కొండ మీద

ఊరికి తూర్పున పెద్ద కొండ ఉంది. పై దాకా తీగ మీద వేలాడుతూ వెళ్ళే పెట్టె ఉంటుంది. మనిషికి ముప్పై డాలర్ల పైమాటే. మన దగ్గర మెట్లెక్కి చెమటోడ్చి వెళ్తే పైన దేవుడుంటాడు. ఇక్కడ కూర్చుని వెళ్తే పైన హోటలుంది. వెక్కిరింపుకి అనడం లేదు. అంత ఎత్తు నుంచి ఊరంతా అరచేతిలో పట్టేలా కనిపించింది, గాలికి చెవి నొప్పెట్టింది. మైత్రి తన మఫ్లరు తీసి నా చెవులకి కట్టింది. ఆ కట్టడంలో ప్రేమ ఉంది, దాన్ని కాదనలేను. కడుతూనే అడిగింది.

"అమ్మా, గ్రెగ్ ఒక స్టేట్‌మెంట్ కావాలంటున్నాడు. నీది."

"నాదా? ఏమని?"

"నువ్వు పదిహేడు దగ్గర నిలుచున్నావు, టచ్ చేసి ఉండవచ్చు అని. చేశావని కాదు. ఉండవచ్చు అని, అంతే."

"పగులు నీ కళ్ళతో చూశావు కదే."

"చూశాను. కానీ క్రాక్ అని రాస్తే, తెలిసి కూడా రన్ చేశామని అర్థం. వాళ్ళు వెళ్ళిపోతారు. బయటి కారణం అయితే ఇంకో షాట్ ఇస్తారు. ఆ రింగ్స్ అన్నీ మార్చేస్తాం ఈసారి. ఒక్క షాట్ చాలు అమ్మా నాకు."

"నువ్వు వసంతంలో రాసిన మెయిలో?"

"అది ఎవరూ అడగలేదు."

"ఆ తప్పు నామీద వేసుకోమంటే వేసుకుంటాను. ఈ ఊళ్ళో నాకు పోయే పేరేం లేదు. అబద్ధం రాయమంటే మాత్రం నావల్ల కాదు."

"వేసుకోవడం అంటే రాయడమే కదా అమ్మా," అంది.

దానికి కోపం లేదు. బతిమాలడం కూడా లేదు. అలిసిపోయి ఉంది. ఏడేళ్ళు అది పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు, పండక్కి ఇంటికి రాలేదు, ఆ ఇరవై నాలుగు ధారలూ ఒక్కసారి కలవడం చూడాలని. అవి కలిస్తే లోకానికి ఎంత మేలో నేనూ నమ్ముతున్నాను. కిందికి దిగేటప్పుడు ఆ పెట్టెలో మా పక్కన ఎవరో పసిపిల్లని ఎత్తుకుని నిలబడ్డారు. పిల్ల మైత్రి జుట్టు పట్టుకుంటే, అది వంగి పట్టుకోనిచ్చింది. నేను బయటికి చూస్తూ నిలబడ్డాను.

సోమవారం, కాగితం

గ్రెగ్ ఆఫీసులో నాకు టీ పెట్టించాడు, పాలు వేరేగా, వేడిగా. ఎవరో చెప్పి ఉంటారు. కాగితం ముందే టైపు చేసి ఉంది. మైత్రి నా పక్క కుర్చీలో కూర్చుంది. రూడీ తలుపు దగ్గర నిలబడ్డాడు, ఎందుకు పిలిచారో నాకు తెలియదు.

ఇంగ్లీషు నేను వేలు పెట్టి చదువుతాను. ఒక్కో వరుసా చదివాను. షాట్‌కి ముందు రోజు నేను గదిలో ఉన్నాననీ, పదిహేడో నంబరుకి అతి దగ్గరగా నిలబడ్డాననీ, దాన్ని తాకి గానీ, దాని మీద ఏదైనా పడేసి గానీ ఉండవచ్చుననీ ఉంది. మతపరమైన పొడి అన్న మాట కూడా ఉంది. అది మైత్రి చెబితే తప్ప వాళ్ళకి తెలిసే మాట కాదు. నేను తలెత్తి దానికేసి చూశాను. అది కాగితాన్నే చూస్తోంది.

నేను చదవడం ముగించేసరికి టీ చల్లారింది. చివర గీత గీసి, నా పేరు టైపు చేసి ఉంది, కింద సంతకానికి ఖాళీ.

నా భాషలో రాయవచ్చా అని గ్రెగ్‌ని అడిగాను. మీరు మామూలుగా ఎలా సంతకం పెడతారో అలాగే పెట్టండి అన్నాడు. పెన్ను తనే మూత తీసి ఇచ్చాడు.

గీత మీద తెలుగులో, కుదురుగా, "నేను దేన్నీ తాకలేదు" అని రాశాను. పేరు రాయలేదు.

పెన్ను కింద పెట్టాను. గ్రెగ్ చూసి, మీ అక్షరాలు చాలా అందంగా ఉన్నాయి అన్నాడు. నేను థాంక్యూ అన్నాను.

మైత్రి కాగితం అందుకుంది. దానికి అక్షరాలు నేర్పింది నేనే. మోరిస్‌విల్ అపార్ట్‌మెంటులో, ఆదివారాలు, వంటింటి బల్ల దగ్గర, ఏడుస్తుంటే ఏడవనిచ్చి మరీ నేర్పాను. ఇప్పటికీ అది తెలుగు మనసులో చదవలేదు. పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంది. ఆ రోజూ పెదవులు కదిలాయి. మొదటి మాట. రెండో మాట. మూడో మాట దగ్గర ఆగాయి.

అందులో ఏముందో అది గ్రెగ్‌కి చెబుతుందనే అనుకున్నాను. చెప్పకూడదని కూడా అనుకున్నాను. ఏది ఎక్కువ అనుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మైత్రి కాగితాన్ని సరిగ్గా సగానికి మడవబోయి, మానేసి, అలాగే గ్రెగ్ చేతికిచ్చింది. ఆయన ఫైల్లో పెట్టుకున్నాడు.

తిరుగు రైలు

మంగళవారం నన్ను స్టేషన్లో దింపింది రూడీ. మైత్రికి కొత్త కడియాలు వచ్చాయి, విప్పే పని ఉంది. దారిలో ఆయన, నిన్న ఆఫీసులో నన్ను నిలబెట్టింది సాక్షి సంతకం కోసం సెన్యోరా, మీరు వెళ్ళాక పెట్టాను, ఇంకో రెండేళ్ళలో నా పింఛను అన్నాడు. పెట్టె రైల్లోకి ఎక్కించి, కాల్చిన మిరపకాయల పొట్లం ఇంకొకటి నా ఒళ్ళో పెట్టి, కళ్ళు కలపకుండా దిగిపోయాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆయన చూసి ఉండడు.

తిరుగు ప్రయాణంలో పక్క సీటు ఖాళీగానే ఉంది. చికాగోలో ఆరు గంటలు ఆలస్యమైంది. బల్ల మీద కూర్చుని ఇడ్లీ కోసం ఎంత వెతుక్కున్నా దొరకదు కదా, ఉడికించిన బంగాళాదుంప తిన్నాను. ఏడు డాలర్లు. క్షేమంగా ఇల్లు చేరాను. మావారు స్టేషన్‌కి వచ్చారు, అమ్మాయి ఎలా ఉంది అని అడిగితే చిక్కిపోయిందని చెప్పాను.

పోయిన గురువారం మైత్రి ఫోను చేసింది. మాట్లాడలేక రెండు నిమిషాలు ఏడ్చింది. ఇరవై నాలుగూ ఒకేసారి పేలాయి. పొర గుండ్రంగా, అన్ని వైపుల నుంచీ సమంగా లోపలికి వచ్చింది. డబ్బు పెట్టినవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారుట. ఫోటో పంపింది. నల్లటి మధ్యలో ఒక తెల్లని ఉంగరం, ఎక్కడా అతుకు లేదు. అంత అందమైనది నేను చూడలేదు. దాని ఏడేళ్ళు అందులో ఉన్నాయి. చాలా సంతోషం తల్లీ అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను.

అది ముక్కు చీదుకుని, ఇప్పుడు గదిలోకి విజిటర్స్‌ని రానివ్వట్లేదు, డోర్ మీద నోటీసు పెట్టారు, కానీ నువ్వు వస్తే కంట్రోల్ రూమ్‌లో కూర్చోవచ్చు అంది.

"అమ్మా, ఆ పేపర్ ఫైల్‌లోనే ఉంది. ఎవరూ చదవలేదు."

"నువ్వు చదివావు కదా," అన్నాను.

అవతల దాని ఊపిరి వినిపిస్తోంది. పంపుల మోత వినిపిస్తోంది.

"చదివాను," అంది.